వాడెల్ వచ్చాడా?

1902 జూన్‌లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ మేనేజర్ కోనీ మాక్ ఇద్దరు పింకర్టన్ డిటెక్టివ్‌లను పనిగట్టుకుని లాస్ ఏంజెలెస్‌కు పంపాడు. వాళ్లు పట్టుకురావాల్సింది దొంగను కాదు, బేస్‌బాల్ ఆటగాణ్ణి. ఒంటరిగా రైలెక్కిస్తే వస్తాడన్న నమ్మకం లేదు మరి! అలా కాపలా మధ్య దిగిన రూబ్ వాడెల్ ఆ సీజన్‌లో 24 మ్యాచ్‌లు గెలిపించాడు, ఏడే ఓడాడు. ఆ ఏడాది అమెరికన్ లీగ్ విజేత అథ్లెటిక్సే.

అసలు పేరు జార్జ్ ఎడ్వర్డ్ వాడెల్. 1876లో పెన్సిల్వేనియా రాష్ట్రం బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. పల్లెటూరి బైతులంటూ పట్నంవాళ్లు వెక్కిరించే మాట ‘రూబ్’ అతనికి ఇంటిపేరుకన్నా గట్టిగా అతుక్కుపోయింది. 1900లో పిట్స్‌బర్గ్ తరఫున ఆడి, నేషనల్ లీగ్ మొత్తంలో అతి తక్కువ పరుగులిచ్చిన సగటు (2.37) సాధించినా, మరుసటి ఏడాదే ఆ జట్టు అతణ్ని వదిలించుకుంది. కారణం ఆట కాదు, నడవడి. ఊళ్లో ఫైరింజను గంట మోగితే దాని వెంట పరుగు. చేపలు పడతాయనిపిస్తే మ్యాచ్ సంగతే గుర్తుండదు. తాగుడు సరేసరి. ప్రత్యర్థి అభిమానులు గ్యాలరీలోంచి కుక్కపిల్లల్ని ఎత్తి చూపించి అతని ధ్యాస మళ్లించేవారని చెబుతారు.

ఈ కథల్లో సగం చెప్పేవాళ్ల నోట పెరిగినవే అయ్యుంటాయి. అంకెలు మాత్రం పెరిగినవి కావు.

వాడెల్ పిచర్, అంటే బంతి విసిరేవాడు. క్రికెట్ బౌలర్‌లా పిచర్ బంతిని నేలకు తాకించడు, నేరుగా బ్యాటర్ మీదికే విసురుతాడు. బ్యాట్ ఊపినా తగలకపోతే, లేదా సరైన బంతిని వదిలేస్తే స్ట్రైకు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ ఔట్, అదే స్ట్రైకౌట్. ఫీల్డర్ల చేతిలో ఏమీ ఉండదు. ఎగ్జిబిషన్ మ్యాచ్‌ల్లో వాడెల్ తన ఫీల్డర్లను లోపలికి పిలిచేసి బంతి విసిరేవాడంటే ఆ ధీమా ఎక్కడిదో తెలుస్తుంది. ఆ రోజుల్లో బ్యాటర్లు బ్యాట్‌ను పొట్టిగా పట్టుకుని, ఎలాగోలా బంతికి తగిలిస్తే చాలనుకునేవారు. స్ట్రైకౌట్ కావడమంటే తలవంపులు. అలాంటి కాలంలో ఈ ఎడమచేతివాటం మనిషి విపరీతమైన వేగంతో, చివర్లో కిందికి జారిపోయే కర్వ్‌తో 1904లో ఏకంగా 349 సార్లు బ్యాటర్లను అలా పంపాడు. అదే ఏడాది 41 విజయాలతో చరిత్ర సృష్టించిన న్యూయార్క్ పిచర్ జాక్ చెస్‌బ్రో స్ట్రైకౌట్లు 239. తేడా 110! 1902 నుంచి 1907 దాకా వరుసగా ఆరేళ్లు లీగ్‌లో స్ట్రైకౌట్ల మొనగాడు వాడెలే.

1905 జులై 4న బోస్టన్‌లో ఎదురుపడ్డ పిచర్ సామాన్యుడు కాదు, సై యంగ్. తొలి ఇన్నింగ్స్‌లోనే వాడెల్ రెండు పరుగులిచ్చేశాడు. ఆ తర్వాత బోస్టన్‌కు ఒక్కటంటే ఒక్క పరుగు లేదు. ఆట మామూలుగా ముగిసే తొమ్మిది ఇన్నింగ్స్‌లు దాటింది, పదిహేను దాటింది, ఇరవైకి చేరింది. ఇద్దరిలో ఎవరూ బంతి వదల్లేదు. చివరికి అథ్లెటిక్స్ 4-2తో నెగ్గింది. ఆ చారిత్రక బంతిని ఇచ్చి వాడెల్ ఓ బార్‌లో ఉచితంగా తాగాడట. ఒక బార్‌లో కాదు, చాలా బార్‌లలో. ప్రతి యజమానీ తన దగ్గరున్నదే అసలు బంతి అనుకున్నాడు.

ఆ ఏడాది 27 విజయాలు, 287 స్ట్రైకౌట్లు, 1.48 సగటు. మూడింటా లీగ్‌లో అతనే ప్రథముడు. తీరా రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ వచ్చేసరికి మాత్రం వాడెల్ లేడు. రైల్వే ప్లాట్‌ఫాం మీద సహచరుడు ఆండీ కోక్లీ గడ్డి టోపీని లాగబోయి, పెనుగులాటలో భుజం దెబ్బతిన్నదని జట్టు చెప్పింది. జూదగాళ్లు డబ్బిచ్చి ఆపారని పుకారు లేచింది. అది రుజువు కాలేదు. న్యూయార్క్ జెయింట్స్ 4-1తో సిరీస్ ఎగరేసుకుపోయింది.

1908 సీజన్‌కు ముందు మాక్ ఓపికా అయిపోయింది. అతణ్ని సెయింట్ లూయిస్‌కు అమ్మేశాడు. ఆ జులైలోనే వాడెల్ పాత జట్టు మీద 16 స్ట్రైకౌట్లు తీశాడు! కానీ అదే చివరి మెరుపు. 1910తో పెద్ద లీగుల్లో అతని ఆట ముగిసింది.

1912లో కెంటకీలోని హిక్‌మన్ ఊరిని మిసిసిపి వరద ముంచెత్తింది. అక్కడే ఉన్న వాడెల్ గడ్డకట్టే చలినీళ్లలో నిలబడి గంటల తరబడి ఇసుక బస్తాలు మోశాడు. న్యుమోనియా పట్టింది, ఆపై క్షయ. 1914 ఏప్రిల్ 1న టెక్సాస్‌లోని శాన్ అంటోనియోలో కన్నుమూసేనాటికి అతనికి 37 ఏళ్లు. నవ్వించే కథల్లో ఈ వరద సంగతి తరచూ జారిపోతుంది. అది అన్యాయమే.

అతని గొడవ అంతటితో ముగియలేదు. 1946 సీజన్‌లో పిచర్ బాబ్ ఫెల్లర్ 348 స్ట్రైకౌట్లు సాధించాడు. అప్పటి లెక్కల్లో వాడెల్‌వి 343 మాత్రమే కాబట్టి రికార్డు బద్దలైనట్టే అనుకున్నారు. తీరా 1904 నాటి స్కోరు వివరాలను మళ్లీ ఏరి కూడితే 349 తేలాయి! ఒక్కటంటే ఒక్కటి ఎక్కువ. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటు దక్కిందీ ఆ ఏడాదే. 1965లో సాండీ కోఫాక్స్ 382తో ఆ అంకెను దాటాడు, కాకపోతే నేషనల్ లీగ్‌లో. 1973లో నోలన్ రయన్ 383తో అమెరికన్ లీగ్‌లోనూ దాటాడు, కాకపోతే కుడిచేత్తో. అమెరికన్ లీగ్‌లో ఒక సీజన్‌లో ఎడమచేత్తో 349 దాటినవారు నేటికీ లేరు.