మీకు తెలుసా? కంచన్‌బాగ్‌లో సాగే లోహం

హైదరాబాద్ పాతబస్తీ అనగానే లాడ్ బజార్ గాజులు, పత్తర్‌గట్టీ ముత్యాలు గుర్తొస్తాయి. అదే పాతబస్తీ అంచున, కంచన్‌బాగ్‌లో, రక్షణ రంగ లోహ పరిశోధనాశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. 1963లో మొదలైన ఈ సంస్థ సమేరియం-కోబాల్ట్ వంటి రేర్ ఎర్త్ అయస్కాంతాలను దేశీయంగా రూపొందించింది.

వాటికన్నా వింతైన పదార్థం మీదా ఇక్కడ పరిశోధన సాగింది. దాని పేరు టెర్ఫినాల్-డి. టెర్బియం, డిస్ప్రోసియం, ఇనుము కలిసిన సమ్మేళనం. అయస్కాంత క్షేత్రంలో పెడితే సాగుతుంది! మీటరు కడ్డీ ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇంతేనా అనిపించవచ్చు గానీ, మామూలు ఇనుము సాగేదానికి ఇది దాదాపు వంద రెట్లు. సముద్రగర్భంలో శబ్దం పంపే కొన్ని సోనార్లకు ఈ కదలికే ప్రాణం. పేరులోని 'నాల్' దీన్ని కనిపెట్టిన అమెరికా నౌకాదళ ప్రయోగశాల పొడి అక్షరాలు.

టెర్ఫినాల్-డి తయారీకి కరిగించి పోత పోస్తే చాలదు. లోపలి స్ఫటికాలు తలో దిక్కు చూస్తే సాగే గుణం తగ్గిపోతుంది. అందుకే కరిగిన లోహాన్ని కొలిమి వేడి నుంచి మెల్లమెల్లగా దించుతూ, ఒక కొస నుంచి గడ్డకట్టిస్తారు. అప్పుడు స్ఫటికాలు ఒకే వరుసలో పెరుగుతాయి. టెర్బియానికి గాలి పడదు కాబట్టి ఇదంతా ఆర్గాన్ వాయువులోనో, శూన్యంలోనో జరగాలి. ఆ ఓపికే ఇక్కడ అసలు విద్య.

ఇక మొదట చెప్పుకున్న సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల సంగతికొస్తే, వాటిని ఏటా 3,000 కిలోలు తయారుచేయగల ప్రభుత్వ రంగ సంస్థ ఐఆర్‌ఈఎల్ ప్లాంటు 2023 మే 11న విశాఖపట్నంలో జాతికి అంకితమైంది.