పాత ట్రాక్టర్లలో హైడ్రాలిక్ ఆయిల్: ఎంపిక, మట్టం సరిచూసే విధానం

పాత ట్రాక్టరులో లిఫ్ట్ మందగించినపుడు ఆయిల్ తగ్గిందని భావించి, అందుబాటులో ఉన్న డబ్బా నుండి ఒకటి రెండు లీటర్లు పోయడం గ్రామాలలో సర్వసాధారణం. లిఫ్ట్ తిరిగి పనిచేస్తుంది కనుక సమస్య తీరినట్లే కనిపిస్తుంది. కాని, తగ్గిన ఆయిల్ ఎక్కడికి పోయినదీ, ఇప్పుడు పోసిన ఆయిల్ ఇంకా ఏయే భాగాలకు చేరుతున్నదీ ఆలోచించేవారు తక్కువ.

ఈ రెండవ ప్రశ్నకు సమాధానం ట్రాక్టరు నిర్మాణంలోనే ఉంది. 1946లో ఇంగ్లండులో ఉత్పత్తి మొదలైన ఫెర్గూసన్ టి.ఇ. 20 ట్రాక్టరులో హైడ్రాలిక్ పంపును గేరుబాక్సు, వెనుక ఇరుసులతో కలిసిన గృహంలో, అక్కడి ఆయిల్‌లోనే మునిగి ఉండేలా అమర్చారు. తరువాతి మాసీ ఫెర్గూసన్ నమూనాలు అదే పద్ధతిని అనుసరించాయి. 1960లో మద్రాసులో ప్రారంభమైన టాఫే సంస్థ ద్వారా ఈ శ్రేణి ట్రాక్టర్లు మన పొలాలకు చేరాయి. ఇటువంటి యంత్రాలలో గేర్లకు, డిఫరెన్షియల్‌కు, లిఫ్ట్‌కు ఒకటే ఆయిల్. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న నమూనాలలో అవి కూడా దానిమీదనే ఆధారపడతాయి. కనుక ‘హైడ్రాలిక్ ఆయిల్’ అనే పేరే కొంత తప్పుదారి పట్టిస్తుంది.

పంపుకు సులభంగా ప్రవహించే ఆయిల్ కావాలి. గేరు పళ్లకు ఒత్తిడికి చెదరని పొర కావాలి. బ్రేకు పలకలకు తగినంత రాపిడి మిగలాలి. ఈ మూడు అవసరాలకూ సరిపడేలా తయారైనదే యు.టి.టి.ఓ. తరగతి ఆయిల్. డబ్బాపై కనిపించే ఐ.ఎస్.ఓ. 46, 68 వంటి అంకెలు 40 డిగ్రీల సెల్సియస్ వద్ద స్నిగ్ధతను సెంటీస్టోకులలో తెలుపుతాయి. గేర్లకు, బ్రేకులకు ఆ ఆయిల్ పనికివస్తుందో లేదో ఈ అంకెల వలన తెలియదు. సాధారణ హైడ్రాలిక్ ఆయిల్ ప్రత్యేక ట్యాంకు ఉన్న నమూనాలకు తగినదే. ఉమ్మడి గృహంలో మాత్రం గేర్లకు చాలినంత రక్షణ ఇవ్వదు. 90 నంబరు గేరు ఆయిల్ పంపుకు మరీ చిక్కన. పైగా అధిక ఒత్తిడి కోసం కలిపే గంధక సమ్మేళనాలలో కొన్ని వేడెక్కినపుడు కంచు బుష్‌లను తినివేస్తాయి. ఇంజిను ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాలు నీటిని అడుగుకు దిగనీయకుండా ఆయిల్‌లోనే కలిపి ఉంచుతాయి.

యజమాని కరదీపికలో తయారీదారు సూచించిన ప్రమాణమే ఎంపికకు ఆధారం. అయితే పాత పుస్తకాలలోని పేర్లు కాలం చెల్లి ఉండవచ్చు. అమెరికాలో జాన్ డీర్ సంస్థ ఒకప్పుడు వాడిన ‘303’ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలపు నూనె ఉండేది. ఆ నూనె వాడకంపై నిషేధం వచ్చిన తరువాత 1970వ దశకంలో ఆ ప్రమాణమే రద్దయింది. అయినా ఆ అంకె అక్కడి డబ్బాలపై దశాబ్దాల పాటు కనిపిస్తూనే ఉంది. డబ్బాపై పేరును కాక, అది ఏ ప్రస్తుత ప్రమాణానికి సరిపోతుందని రాసి ఉన్నదో చూడాలి.

మట్టం చూసేటపుడు ట్రాక్టరు సమతలంపై ఉండాలి; పనిముట్టును నేలకు దించి, ఇంజిను ఆపి కొన్ని నిమిషాలు ఆగాలి. లిఫ్ట్ చేతులు పైకెత్తి ఉంటే కొంత ఆయిల్ సిలిండరులో నిలిచి, మట్టం తక్కువగా కనిపిస్తుంది. ఆ లెక్కన పోస్తే మోతాదు మించి, గేర్లు ఆయిల్‌ను చిలికి నురుగు, వేడి పుట్టిస్తాయి. మూత తీసే ముందు చుట్టూ ఉన్న మట్టిని తుడవడం చిన్న పనే; పంపు ఆయుష్షు చాలావరకు దానిపైనే ఆధారపడి ఉంటుంది.

మట్టం పదేపదే తగ్గుతూ, నేలమీద మరక కనిపించకపోతే ఎక్కువ జాగ్రత్త అవసరం. పొడి బ్రేకులున్న పాత నమూనాలలో ఇరుసు సీలు అరిగితే ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి చేరి లైనింగులను తడుపుతుంది. ధాన్యం ట్రక్కుతో కాలువ గట్టు దిగుతున్నపుడు ఒక చక్రం పట్టి మరొకటి పట్టకపోతే ట్రాక్టరు పక్కకు లాగుతుంది. అందువల్ల అటువంటి ట్రాక్టరుకు ఆయిల్ పోసి పంపడం కంటే డ్రమ్ము విప్పించడమే ముందు చేయవలసిన పని. పంపును ఇంజినుకు బిగించిన నమూనాలలో షాఫ్టు సీలు పాడైతే ఆయిల్ ఇంజినులోకి పోవచ్చు. ఇంజిను ఆయిల్ మట్టం పెరగడమే దానికి గుర్తు.

పోయకుండానే హైడ్రాలిక్ ఆయిల్ మట్టం పెరిగితే దమ్ములో నీరు చేరిందని అనుమానించాలి. ఆయిల్ పాలవలె తెల్లబడుతుంది. వేడి పెనంపై రెండు చుక్కలు వేస్తే చిటపటమంటుంది. అప్పుడు కొత్త ఆయిల్ కలపడం వృథా. పాతదంతా తీసివేసి, జల్లెడ కడిగి, గాలి రంధ్రాన్ని, సీళ్లను పరీక్షించిన తరువాతే నింపాలి.

టిప్పర్ ట్రక్కులను ఇరుగుపొరుగు మార్చుకునే చోట మరొక సంగతి గమనించాలి. ట్రక్కు సిలిండరులో ముందటి ట్రాక్టరు ఆయిల్ మిగిలి ఉంటుంది. గొట్టం తగిలించి ట్రక్కును ఎత్తి దించగానే అందులోని నీరు, మట్టి సహా అది ఈ ట్రాక్టరులోకి వచ్చి చేరుతుంది.