సంఘర్షణ: నాటి దృష్టి, నేటి దృష్టి

“పోరు నష్టము, పొందు లాభము” అని మన పెద్దలు చెప్పుదురు. తగవు లేని ఇల్లు మంచి ఇల్లనియు, సమ్మె ఎరుగని కర్మాగారము చక్కగా నడచు కర్మాగారమనియు మనలో పలువురి నమ్మకము. ఇంట అన్నదమ్ములిరువురు గొంతు పెంచి మాటలాడుకొన్నచో, వీధి తలుపు వేయుమని తల్లి కోడలికి సైగ చేయును. తగవు కంటె, అది పొరుగువారి చెవిని పడుటయే పెద్ద కష్టముగా తోచును.

అయినను మన భాషలో ఒక వింత కలదు. “తగవు” అనగా నేడు జగడము. పూర్వము అదే మాటకు న్యాయము, ఔచిత్యము అని అర్థము. తగవు తీర్చువాడు తగవరి. జగడమునకును, న్యాయమునకును ఒకే మాట వాడిన జాతికి ఆ రెంటి నడుమ గల చుట్టరికము తెలియకపోలేదు.

సంస్థలను నడపు శాస్త్రము మాత్రము చాల కాలము సంఘర్షణను కేవలము రోగముగనే ఎంచెను. ఫ్రెడరిక్ టేలర్ అను అమెరికా ఇంజనీరు, శాస్త్రీయ నిర్వహణను గూర్చి 1911లో ప్రకటించిన గ్రంథములో, పనిని సరిగా కొలిచి ఉత్తమమైన పద్ధతిని నిర్ణయించినచో యజమానికిని, పనివానికిని నడుమ విరోధమునకు కారణముండదని వాదించెను. పిమ్మట ఎల్టన్ మేయో, చికాగో చెంతనున్న హాథార్న్ కర్మాగారములో 1924 నుండి జరిగిన పరిశోధనలను వ్యాఖ్యానించుచు, పనివారి మనోభావములను గుర్తింపవలెనని చెప్పెను. ఆయనకును సహకారమే ఆరోగ్యము, సంఘర్షణ రుగ్మత. నిర్వహణ శాస్త్ర గ్రంథములు “సంప్రదాయ దృష్టి” యనునది ఇదియే.

ఆ సంప్రదాయము పడమటిది. అదియు నిన్న మొన్నటిది. మన శాస్త్రములలో పూర్వపక్షమును వినిపింపక సిద్ధాంతమును చెప్పుట లేదు. శంకరులు మొదలగు భాష్యకారులు ప్రతివాది మాటను ముందు నిలిపి, ఆ తరువాతనే సమాధానము చెప్పుదురు. పండితసభలో భేదాభిప్రాయము అమర్యాద కాదు. రచ్చబండ దగ్గరకు వచ్చునప్పటికి మాత్రము ఆ స్వేచ్ఛ అందరికిని సమానముగ దక్కలేదు. రాజీ అను పేరిట బలహీనుడు నోరు మూసికొన్న సందర్భములు మన పల్లెలలో కొల్లలు.

సంఘర్షణను కొత్త కంటితో చూచినవారిలో మేరీ పార్కర్ ఫాలెట్ అను విదుషీమణి ముఖ్యురాలు. ఈమె 1925లో చేసిన ఒక ఉపన్యాసములో, సంఘర్షణ యనగా యుద్ధము కాదు, భేదము బయటపడుటయే యనెను. ఫిడేలు తీగపై కమాను రాసుకొనకున్న నాదము పుట్టదు గదా యని ఆమె పోలిక. తగవు తీరుటకు మూడు త్రోవలను చెప్పెను. ఒకరు గెలుచుట మొదటిది. ఇరువురును కొంత వదలుకొనుట రెండవది. ఇరువురి అసలు అవసరమును కనుగొని, రెంటిని తీర్చు కొత్త ఉపాయమును వెదకుట మూడవది. గ్రంథాలయములో ఒకరు కిటికీ తెరువుమనిరి, ఈమె వలదనెను. పక్కగదిలోని కిటికీ తెరచిరి. అతనికి గాలి వచ్చెను; ఈమెకు చలిగాలి సూటిగా తగులలేదు.

1956లో లూయిస్ కోజర్ ఈ భావమును సమాజమునకంతకు విస్తరింపజేసెను. చిన్న తగవులకు తావిచ్చు సమాజము పెద్ద చీలికను తప్పించుకొనగలదనియు, అణచివేయు సమాజములో అవి పేరుకొని ఒక్కసారిగా పగులుననియు ఆయన వాదము. స్టీఫెన్ రాబిన్స్ 1974లో ఇంకను ముందుకు పోయి, సంఘర్షణ మరీ తక్కువైన చోట అధికారియే దానిని పురికొల్పవలె ననెను. మేము రేడియో చర్చలను ఏర్పాటు చేయువారము. ఇందులోని సత్యము మాకు కొంత తెలియును. ఒకే అభిప్రాయము గల నలుగురిని మైకు ముందు కూర్చుండబెట్టినచో, ఐదవ నిముసమునకే చెప్పవలసినది అయిపోవును.

భేదమును నోరు నొక్కుట ఎంత ప్రమాదకరమో 1986లో లోకము చూచెను. జనవరి 27 రాత్రి, ఛాలెంజర్ అంతరిక్ష నౌకకు రాకెట్లను నిర్మించిన సంస్థలోని ఇంజనీర్లు, చలికి రబ్బరు వలయములు బిరుసెక్కునని చెప్పి, మరునాటి ప్రయోగమును వలదనిరి. అంతరిక్ష సంస్థ అధికారులు విసుగు కనబరచిరి. కంపెనీ పెద్దలు తమలో తాము ఆలోచించుకొని తీర్పు మార్చిరి. మరునాడు నౌక లేచిన 73 సెకండ్లకే ఛిన్నాభిన్నమై ఏడుగురు మరణించిరి.

ఇంతమాత్రమున తగవులన్నియు మేలైనవనుట పొరపాటు. పనిని గూర్చిన భేదము వేరు, మనుష్యులపై విరోధము వేరనియు, మొదటిది కొన్ని పనులలో ఉపకరించుననియు 1995లో కారెన్ జేన్ అను పరిశోధకురాలు చూపెను. కాని 2003లో డి డ్రూ, వైన్‌గార్ట్ అనువారు అనేక పరిశోధనలను కలిపి లెక్కింపగా, సగటున రెండు విధముల సంఘర్షణయు పనిని వెనుకకే లాగుచున్నట్లు తేలెను. కారణము ఊహింపరానిది కాదు. “ఈ లెక్క తప్పు” అన్నమాట ఎదుటివాని చెవికి “నీకు లెక్కలు రావు” అని వినబడును. కావున భేదమును విరోధముగ మారనీయక నడపుట ఎట్లన్నదే అసలు చిక్కు. దానికి మన దేశములోనే ఒక మంచి నిదర్శనము కలదు.

1917లో అహమ్మదాబాదున ప్లేగు వ్యాపించెను. పనివారు ఊరు విడువకుండుటకై మిల్లు యజమానులు నేతపనివారికి జీతములో నూటికి 70, 80 వంతుల వరకు ప్లేగు బోనసు నిచ్చిరి. ప్లేగు తగ్గగానే, 1918 జనవరిలో, దానిని నిలిపివేసిరి. యుద్ధకాలపు ధరలు మాత్రము తగ్గలేదు. పనివారు నూటికి 50 పెంపు కోరిరి; యజమానులు 20కి మించి ఈయమనిరి. యజమానులలో ముఖ్యుడు అంబాలాల్ సారాభాయి. పనివారి పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయాబెన్. గాంధీజీ లెక్కలను పరిశీలించి 35 న్యాయమని నిర్ణయించి, పనివారిచే కోరికను అంతకు తగ్గింపజేసిరి. ఫిబ్రవరి 22న మిల్లులు మూతపడెను. హింస చేయరాదు, పనిలోకి పోవువారిని బాధింపరాదు, బిచ్చమెత్తరాదు అని ప్రతిజ్ఞ. ప్రతిదినము సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు నీడను సభ జరిగెడిది.

మార్చి 12న, 20కి ఒప్పుకొన్నవారికి తలుపులు తెరతుమని యజమానులు ప్రకటించిరి. ఆకలికి పనివారు సడలసాగిరి. 15న గాంధీజీ నిరాహారదీక్ష పూనిరి. 18న ఒప్పందము కుదిరెను. దాని లెక్క చిత్రమైనది. మొదటి దినము 35, పనివారి ప్రతిజ్ఞ నిలుచుటకు. రెండవ దినము 20, యజమానుల మాట నిలుచుటకు. మూడవ దినము నుండి మధ్యవర్తి తీర్పు వచ్చువరకు ఇరవై ఏడున్నర. మొదటి చూపునకు పిల్లల ఆటవలె తోచును గాని, ఎవరును తల వంచుకొని ఇంటికి పోలేదు. మధ్యవర్తియైన ఆనందశంకర ధ్రువ ఆగస్టులో 35 ఈయవలెనని తీర్పు చెప్పెను. యజమానులపై ఒత్తిడి తెచ్చినందున తమ దీక్షలో దోషము కలదని గాంధీజీయే ఆత్మకథలో వ్రాసికొనిరి.

ఫాలెట్ కొలతతో చూచినచో ఇరవై ఏడున్నర వట్టి సగము పంపకమే. కొత్తది, తగవుకు ఒక చోటు ఏర్పడుట. 1920లో గాంధీజీ, యజమానుల తరఫున మంగళదాసు సేఠ్ సభ్యులుగా శాశ్వత మధ్యవర్తి సంఘము వెలసెను. పనివారి మజూర్ మహాజన్ సంఘమును ఆ ఏటనే ఏర్పడెను. మూడేండ్లు గడచునప్పటికి, జీతముల కోతపై, అదే నగరమున మరల పెద్ద సమ్మె జరిగెను.