రిమోటు కారు కొంటున్నారా? కాస్త ఆగండి!

సాక్షాత్తూ కూర్మనాథుడు కొలువైన శ్రీకూర్మంలో వేగం గురించి మాట్లాడటమేమిటని నవ్వుకోకండి. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు తీరిగ్గా ఆకులు నములుతుంటే, బయట వీధిలో పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయి ఇసుక చిమ్ముకుంటూ దూసుకుపోయే రిమోటు కార్ల వీడియోలు చూస్తున్నారు మరి! "అమ్మా, ఇది అరవై స్పీడు వెళ్తుందట, కొనవూ?" అని మీ అబ్బాయి కొంగు పట్టుకు తిరుగుతుంటే ఎన్నాళ్లని కాదంటారు?

సరే, కొందామనుకున్నారు. చీటీ డబ్బులోంచి తీసే ఆ ఎనిమిది వేలో పది వేలో నాలుగు రోజుల్లో మంచం కిందకి చేరకూడదుగా! అందుకే ముందు అట్టపెట్టె మీద రాసిన స్పీడు సంగతి పక్కన పెట్టండి. నున్నటి నేల మీద, నిండా ఛార్జయిన బ్యాటరీతో వచ్చే లెక్క అది. పోనీ నలభై వెళ్తుందనే అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. మీరు ఒకటి, రెండు, మూడు అనేలోగా కారు ముప్పై మీటర్ల అవతల ఉంటుంది. పైగా వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలవుతుంది. అరుగుకి గుద్దుకుందా, చక్రాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చేయి పుటుక్కుమంటుంది.

కాబట్టి కొట్టువాణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న "ఎంత స్పీడు?" అని కాదండీ, "దీనికి విడిభాగాలు దొరుకుతాయా?" అని. వెయ్యీ పదిహేను వందలకొచ్చే కార్లలో చాలావాటికి దొరకవు. ఏదైనా విరిగితే మొత్తం పారేయడమే. అదే అభిరుచి కార్లని వేరే తరగతి ఉంది. వాటికి చక్రం, గేరు, మోటారు దేనికది విడిగా అమ్ముతారు. స్క్రూడ్రైవరు ఉంటే పిల్లలే బిగించుకుంటారు. జపాన్ టామియా కంపెనీ 1984లో 'గ్రాస్‌హాపర్' అని ఒక బుల్లి కారు తెచ్చింది. గ్రాస్‌హాపర్ అంటే మిడత. విడిభాగాలుగా వచ్చే ఆ కారుని పిల్లలే కూర్చుకోవాలి. వేగంలో పెద్ద గొప్పదేం కాదు, అయినా జనం మరచిపోలేదు. 2005లో కంపెనీ మళ్లీ విడుదల చేసింది.

ఇక రిమోటు. చవక వాటిలో మీట నొక్కితే చక్రం పూర్తిగా ఎడమకి, లేదా పూర్తిగా కుడికి తిరుగుతుంది. లైటు స్విచ్చిలాగా ఉంటే ఉంది, లేకపోతే లేదు. మంచిదైతే ఫ్యాను రెగ్యులేటరులా పనిచేస్తుంది. కొద్దిగా తిప్పితే కొద్దిగానే తిరుగుతుంది. వేగంగా పోయే కారుకి ఇది లేకపోతే ముళ్లకంపలోకే దారి. రిమోటు 2.4 గిగాహెర్ట్జ్‌ది అయితే పక్కింటి పిల్లాడి కారుతో తగాదా ఉండదు. పాత రకాలలో ఇద్దరిదీ ఒకే ఫ్రీక్వెన్సీ అయితే ఒకరి రిమోటుకి ఇంకొకరి కారు ఉలిక్కిపడేది!

మోటారు గురించి మీకు నేను చెప్పేదేముంది, మీ మిక్సీని అడగండి. అందులో కార్బన్ బ్రష్షులు అరిగితే మార్పిస్తాం కదా, చవకరకం కారు మోటారులోనూ బ్రష్షులే ఉంటాయి. ఈమధ్య వచ్చిన, కరెంటు తక్కువ కాల్చే బీ.ఎల్.డీ.సీ. ఫ్యాన్లలో బ్రష్షులుండవు. అలాంటి మోటారున్న కార్లూ ఉన్నాయి. అవి ఎక్కువ మన్నుతాయి, చాలా వేగం, ధరా ఎక్కువే. మొదటి కారుకి బ్రష్షులదే చాలునని నా ఉద్దేశం. మిగిలిన డబ్బుతో ఇంకో బ్యాటరీ కొనండి. ఎందుకంటే ఒక్క బ్యాటరీతో పావుగంట ఆడితే ఎక్కువ. మళ్లీ ఛార్జింగుకి రెండు మూడు గంటలు. ఆ మధ్యలో అబ్బాయి మీ వంటింట్లో చేసే గొడవ మీరే ఊహించుకోండి!

ఆ బ్యాటరీ దగ్గర మాత్రం అశ్రద్ధ వద్దు. ఈ కార్లలో ఎక్కువగా లిథియం బ్యాటరీలే. గుచ్చుకున్నా, నలిగినా, అతిగా ఛార్జయినా మంటలు లేస్తాయి. దానికి తగిన ఛార్జరే వాడాలి. మంచం మీద, పరుపు పక్కన పెట్టకూడదు. రాత్రి ఛార్జింగులో పెట్టి నిద్రపోకూడదు. గచ్చు మీద, మీ కంటికి కనపడేచోట పెట్టండి. కొంచెం ఉబ్బినట్టు కనిపించిందా, ఇక ముట్టుకోనివ్వకండి. చెత్తబుట్టలోనూ వేయకండి, పాత బ్యాటరీలు తీసుకునేవారికి ఇవ్వండి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. బ్యాటరీ బొమ్మలైతే దానితో ఐ.ఎస్. 15644 అన్న నంబరు చూడండి. బాగా వేగంగా పోయే కార్ల పెట్టెల మీద చాలావాటికి 14+ అని ఉంటుంది. మీ వాడికి ఎనిమిదేళ్లయితే, ఎంత ఏడ్చినా సరే, అది వాడి కారు కాదు.

ఎక్కడ ఆడించాలంటారా? సముద్రం దగ్గరే కదా అని తీరానికి పరుగెత్తకండి. పొడి ఇసుకలో చక్రాలు కూరుకుపోయి మోటారు వేడెక్కుతుంది, తడి ఇసుకలో ఉప్పు పట్టి బేరింగులు తుప్పుపడతాయి. సరుగుడు తోటల్లో ఆ సన్నటి ఆకులు ఇరుసులకి చుట్టుకుంటాయి. ఖాళీగా ఉన్న కళ్లం, సెలవురోజున బడి మైదానం బాగుంటాయి. రోడ్డు మీద వద్దే వద్దు. గుడి దరిదాపుల్లో అసలే వద్దు, పాపం ఆ తాబేళ్లకి తప్పుకోవడం కూడా రాదు.

ఆట అవగానే బ్యాటరీ ఊడదీయించి, పాత పెయింటు బ్రష్షుతో ఇసుకంతా దులిపించండి. అది కూడా వాడిచేతే సుమా, మీరు కూర్చుని దులపకండి.