రాళ్లు పోయాయి, నొప్పి పోలేదు

1882 జులై 15న బెర్లిన్‌లోని లాజరస్ ఆస్పత్రిలో కార్ల్ లాంగెన్‌బుక్ అనే సర్జన్ 43 ఏళ్ల రోగి పొట్ట కోసి గాల్‌బ్లాడర్‌ను మొత్తంగా బయటికి తీశాడు. అలాంటి ఆపరేషన్ ప్రపంచంలో అదే మొదటిది. ఆ రోగి పదహారేళ్లుగా నొప్పితో వేగుతున్నాడు. ఒళ్లు చిక్కిపోయి, మార్ఫిన్ లేనిదే రోజు గడవని స్థితికి వచ్చాడు. ఆపరేషన్ మర్నాటికి జ్వరం లేదు, పెద్దగా నొప్పీ లేదు. పైగా చుట్ట కాలుస్తూ కనిపించాడని వైద్య చరిత్రకారులు ముచ్చటగా చెబుతారు. ఆరు వారాలకు కాస్త ఒళ్లు చేసి ఇంటికి వెళ్లిపోయాడు. అంతకుముందు సర్జన్లు గాల్‌బ్లాడర్‌కు గాటు పెట్టి, రాళ్లు ఏరేసి కుట్టేసేవారు. కొన్నాళ్లకు రాళ్లు మళ్లీ పుట్టేవి. లోపల రాళ్లున్నాయని కాదు, రాళ్లను పుట్టిస్తున్నదే అది కాబట్టి ఆ సంచినే తీసేయాలన్నది లాంగెన్‌బుక్ వాదన.

వాదన సరైనదే. కానీ ఆ మొదటి రోగికి పట్టిన అదృష్టం అందరికీ పట్టలేదు. ఆపరేషన్ బాగా జరిగినా కుడి డొక్కలో అదే నొప్పి, అదే ఉబ్బరం, కొత్తగా విరేచనాలు అంటూ తిరిగొచ్చే రోగుల గురించి 1947లో వోమాక్, క్రైడర్ అనే అమెరికన్ డాక్టర్లు వివరంగా రాశారు. ఆ బాధలన్నిటినీ కలిపి ఇప్పుడు ‘పోస్ట్ కోలిసిస్టెక్టమీ సిండ్రోమ్’ అంటున్నారు. ఇది ఎంతమందికి వస్తుందని వైద్య గ్రంథాలను అడిగితే 5 శాతం నుంచి 40 శాతం దాకా రకరకాల లెక్కలు చెబుతాయి. కాస్త ఉబ్బరాన్ని కూడా లెక్కలో వేస్తే అంకె పెరుగుతుంది, మంచాన పడేసే నొప్పినే వేస్తే తగ్గుతుంది. నిజానికి ఆ పొడవాటి పేరు రోగం ఏమిటో చెప్పదు. ఆపరేషన్ అయింది, బాధ ఉంది అని మాత్రమే చెబుతుంది. రిపోర్టులో ఆ పేరు రాసి ఫైలు మూసేస్తే రోగికి ఒరిగేదేమీ లేదు. వెతుకులాట మొదలవాల్సింది అక్కడే.

ముందు ఆ సంచి చేసే పనేమిటో చూడాలి. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. గాల్‌బ్లాడర్‌లో పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. అందుకే అది రసంలోని నీటిని పీల్చేసి, చిక్కబరిచి దాచుకుంటుంది. నెయ్యి వేసుకున్న పప్పన్నమో, బిర్యానీయో కడుపు దాటి ఆంత్రమూలంలోకి రాగానే అక్కడి గోడలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. గాల్‌బ్లాడర్ ముడుచుకుంటుంది, చిక్కటి రసం పేగులో పడుతుంది, కొవ్వు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి అరుగుతుంది. సంచి తీసేశాక కాలేయం తన పని ఆపదు. రసం దాచుకునే చోటు లేక రోజంతా కొద్దికొద్దిగా పేగులోకి జారుతూ ఉంటుంది. గుర్రం, ఏనుగు, జింక, పావురాలకు గాల్‌బ్లాడరే ఉండదు. అవి సుఖంగానే బతుకుతున్నాయి. కాబట్టి ‘గాల్‌బ్లాడర్ లేకపోతే ఇక జన్మలో నూనె ముట్టకూడదు’ అనే మాటలో భయమే ఎక్కువ. చాలామందికి కొన్ని వారాల్లోనే తిండి మామూలైపోతుంది.

ఇబ్బంది పడేవాళ్లలో ఒక వర్గం మాత్రం స్పష్టంగా గుర్తించదగ్గది. పొద్దున టిఫిన్ తిన్న కాసేపటికే ఆగని తొందర, నీళ్ల విరేచనాలు. రెండు గంటల బస్సు ప్రయాణమన్నా గుండెల్లో రాయి పడుతుంది, పెళ్లి భోజనానికి వెళ్లాలంటే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవాలి. దీనికి కారణం పైత్యరస ఆమ్లాలు. ఇవి కొవ్వును అరిగించాక చిన్నపేగు చివరి భాగంలో 95 శాతం దాకా తిరిగి రక్తంలోకి చేరి, కాలేయానికి వెళ్లి, మళ్లీ వాడుకలోకి వస్తాయి. ఒక్క రోజులోనే ఈ చక్రం చాలాసార్లు తిరుగుతుంది. ఆపరేషన్ తర్వాత రసం ఎడతెగక ప్రవహించడంతో కొందరిలో చిన్నపేగు అంతా తిరిగి పీల్చుకోలేదు. మిగిలినది పెద్దపేగులో పడి అక్కడి గోడల నుంచి నీటిని రప్పిస్తుంది, పేగు కదలికల వేగం పెంచుతుంది. తిండి కల్తీ వల్లనో, ‘వేడి చేయడం’ వల్లనో కాదు ఈ విరేచనాలు.

బ్రిటన్‌లో దీనికి ఒక పరీక్ష ఉంది. రేడియోధార్మిక సెలీనియం జోడించిన పైత్యరస ఆమ్లం ఉన్న క్యాప్సూల్ మింగించి, ఆ రోజూ ఏడు రోజుల తర్వాతా స్కాన్ చేస్తారు. ఒంట్లో 15 శాతం కన్నా తక్కువ మిగిలితే ఆమ్లాలు మలంలో పోతున్నట్టే. ఈ పరీక్ష అందుబాటులో లేనిచోట డాక్టర్లు మందే ఇచ్చి చూస్తారు. కోలెస్టైరమిన్ పొడి పేగులోని పైత్యరస ఆమ్లాలను పట్టుకుని కట్టిపడేస్తుంది, చాలామందికి కొన్ని రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అదే తరహాలో కోలెసెవెలామ్ మాత్ర కూడా ఉంది. రెండూ మొదట కొలెస్ట్రాల్ తగ్గించడానికి పుట్టినవే. ఏళ్ల తరబడి ‘ఐబీఎస్’ అనుకుంటూ మందులు మార్చుకున్నవాళ్లు చివరికి ఈ పొడితో తెరిపిన పడిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఒక్క చిక్కుంది. కోలెస్టైరమిన్ పైత్యరస ఆమ్లాలతో ఆగదు, థైరాయిడ్ మాత్రనూ రక్తం పలుచబరిచే వార్ఫరిన్‌నూ కూడా పట్టేస్తుంది. అందుకే మిగతా మందులు దానికి కనీసం గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునే అలవాటు లేని ఇల్లు అరుదైపోయిన ఈ రోజుల్లో ఈ మాట చీటీ మీద రాసి ఇవ్వడం మంచిది.

విరేచనాల సంగతి ఇలా తేలిపోతుంది కానీ, నొప్పి అంత సులువుగా దొరకదు.

నెదర్లాండ్స్‌లో 24 ఆస్పత్రులు కలిసి 1067 మంది గాల్‌స్టోన్ రోగులపై చేసిన అధ్యయనం 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సగం మందికి ఆపరేషన్ నిర్ణయాన్ని మామూలుగా డాక్టర్‌కే వదిలేశారు. మిగతా సగానికి ఐదు ప్రశ్నలు పెట్టారు. నొప్పి తీవ్రంగా, ఉండి ఉండి దాడిలా వస్తోందా? కనీసం పావుగంటో అరగంటో ఉంటోందా? పొట్ట పైభాగంలోనో కుడి డొక్కలోనో వస్తోందా? వీపులోకి పాకుతోందా? మామూలు నొప్పి మాత్రకు తగ్గుతోందా? ఐదిటికీ అవునంటేనే ఆపరేషన్ సిఫార్సు. ఏడాది తర్వాత చూస్తే మామూలు పద్ధతిలో 60 శాతం, ఐదు ప్రశ్నల పద్ధతిలో 56 శాతం మందికే నొప్పి పూర్తిగా పోయింది. ఎలా ఎంపిక చేసినా పదిమందిలో నలుగురికి పొట్టలో ఏదో ఒక నొప్పి మిగిలే ఉందన్నమాట. ఆపరేషన్ల సంఖ్య మాత్రం 75 శాతం నుంచి 68 శాతానికి తగ్గింది.

ఈ అంకెలు చూసి ఆపరేషనే దండగ అనుకుంటే పొరపాటు. గాల్‌బ్లాడర్ చీము పట్టినప్పుడు, రాయి జారి క్లోమం వాచినప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. చిక్కల్లా మరోచోట ఉంది. రాళ్లు చాలామంది పొట్టల్లో ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉంటాయి. ఎసిడిటీకో, అల్సర్‌కో, పేగు సమస్యకో స్కానింగ్ తీయిస్తే ఆ రాళ్లు కనబడతాయి, నేరం వాటి మీద పడుతుంది. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె లాపరోస్కోపీతో గాల్‌బ్లాడర్ తీశాడు. మన దేశంలో 1990లో ముంబయి జేజే ఆస్పత్రిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా ఆ పని చేసి చూపారు. చిన్న రంధ్రాలు, ఒకటి రెండు రోజుల ఆస్పత్రి అనేసరికి రోగికీ జంకు తగ్గింది, సర్జన్‌కూ తగ్గింది, ఆపరేషన్లు పెరిగాయి. అసలు దోషి గాల్‌బ్లాడర్ కానప్పుడు దాన్ని ఎంత నేర్పుగా తీసినా నొప్పి ఎక్కడికీ పోదు. ఉబ్బరం, తేన్పులు, మనం ‘గ్యాస్’ అని చుట్టబెట్టే బాధలన్నీ ఈ కోవలోవే.

కొన్నిసార్లు దోషి నిజంగా పైత్యరస నాళంలోనే ఉంటుంది. గాల్‌బ్లాడర్ పోయినా రాయి ఒకటి నాళంలో మిగిలిపోవచ్చు, ఏళ్ల తర్వాత నాళంలోనే కొత్తది పుట్టవచ్చు. నొప్పితో పాటు కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, చలితో కూడిన జ్వరం వస్తే అది ‘కొన్నాళ్లు చూద్దాం’ అనే వ్యవహారం కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తంలో లివర్ పరీక్షలు, ఎంఆర్‌సీపీ స్కాన్‌తో రాయి ఉనికి తెలుస్తుంది. నోటి గుండా ఎండోస్కోప్ పంపి, పేగులోకి తెరుచుకునే నాళం మూతిని కోసి రాయిని లాగేయవచ్చు. ఈఆర్‌సీపీ అనే ఈ విద్యలో హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రికి, దాన్ని స్థాపించిన డాక్టర్ డి.నాగేశ్వరరెడ్డికి అంతర్జాతీయంగా పేరుంది.

ఆ నాళం మూతి దగ్గరే ఒక కండర వలయం ఉంది. 1887లో ఇటలీలోని పెరూజాలో ఇంకా వైద్య విద్యార్థిగా ఉన్న రుజ్జేరో ఓడీ దాని పనితీరును వివరించాడు. అంత చిన్న వయసులో పేరు తెచ్చుకుని జెనోవాలో ఆచార్యుడైన ఓడీ తర్వాత మాదకద్రవ్యాల పాలై, పదవి పోగొట్టుకుని, 1913లో ట్యునిస్‌లో కన్నుమూశాడు. అతని పేరు మోసిన వలయానికీ వైద్యంలో ఒడిదొడుకులు తప్పలేదు. స్కాన్‌లో ఏమీ లేదు, రక్త పరీక్షలు బాగున్నాయి, నొప్పి మాత్రం ఉంది అంటే ‘ఓడీ వలయం బిగుసుకుంది’ అని దాన్ని కోసేయడం కొన్ని దశాబ్దాలు నడిచింది. అమెరికాలో ఏడు కేంద్రాల్లో అలాంటి 214 మందిని ఎంచుకుని, కొందరికి నిజంగా కోసి, మిగతావారికి ఎండోస్కోప్ పంపి కోయకుండా వదిలేసి, ఎవరికి ఏది జరిగిందో రోగులకు చెప్పలేదు. ఫలితాలు 2014లో వచ్చాయి. ఏడాదికి మెరుగైనవారు కోసినవాళ్లలో 23 శాతం, కోయనివాళ్లలో 37 శాతం! పైగా రెండు వర్గాల్లోనూ పదిమందిలో ఒకరికి పైగా ఈ ప్రక్రియ వల్లే క్లోమం వాచింది. పరీక్షలన్నీ మామూలుగా ఉన్న రోగికి ఈ కోత పెట్టడం ఆ తర్వాత తగ్గిపోయింది. కోయకుండానే ఎక్కువమంది మెరుగయ్యారంటే వాళ్ల నొప్పి కల్పితమని కాదు. ఏళ్ల నొప్పికి పేగు నరాలు సున్నితమైపోయి, మామూలు కదలికను కూడా నొప్పిగా అందుకుంటాయి. అలాంటప్పుడు కత్తి కన్నా, తక్కువ మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటి నరాల మందులే పనికొస్తాయి. ‘డిప్రెషన్ మందు ఇచ్చారు, నాకు పిచ్చనుకుంటున్నారా’ అని రోగి మధ్యలో మానేయకుండా డాక్టర్ రెండు నిమిషాలు కూర్చుని చెప్పాలి, అంతే.

అరుదైనా అన్నిటికన్నా భయంకరమైనది నాళానికి గాయం. లాపరోస్కోపీలో ఇది వెయ్యికి ముగ్గురు నలుగురికి జరుగుతుందని అంచనా. చరిత్రలో దీనికి బలైన పెద్ద మనిషి ఆంథొనీ ఈడెన్. బ్రిటన్ విదేశాంగ మంత్రిగా ఉండగా 1953 ఏప్రిల్‌లో లండన్‌లో గాల్‌బ్లాడర్ తీయించుకున్నారు. పైత్యరస నాళం దెబ్బతింది. అదే నెలలో మరో ఆపరేషన్, జూన్‌లో అమెరికా వెళ్లి బోస్టన్‌లో రిచర్డ్ కాటెల్ చేతుల మీదుగా మరమ్మతు. రెండేళ్లకు ప్రధాని అయ్యారు కానీ, నాళంలో ఇన్ఫెక్షన్ వదల్లేదు. 1956 అక్టోబరులో, సూయజ్ కాలువ సంక్షోభం ముదురుతున్న రోజుల్లోనే ఆయనకు 106 డిగ్రీల జ్వరం వచ్చింది. నొప్పికీ నీరసానికీ ఉత్తేజక మందులు వాడుతూనే యుద్ధ నిర్ణయాలు తీసుకున్నారు. 1957 జనవరిలో అనారోగ్యం చెప్పి రాజీనామా చేశారు. ఆ ఏడాదే బోస్టన్‌లో మళ్లీ కత్తి కిందికి వెళ్లాల్సి వచ్చింది.

ఇక ఎవరూ అంతగా పట్టించుకోని నొప్పి ఒకటుంది. అది పొట్ట లోపలిది కాదు, పొట్ట గోడది. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965లో చొక్కా ఎత్తి విలేకరులకు చూపించిన గాల్‌బ్లాడర్ ఆపరేషన్ పెద్ద గాటు గుర్తున్నవాళ్లకు, ఆ రోజుల్లో ఎంత కండ, ఎన్ని నరాలు తెగేవో అర్థమవుతుంది. లాపరోస్కోపీ రంధ్రాల దగ్గర కూడా చిన్న నరం చిక్కుకోవచ్చు, హెర్నియా రావచ్చు. దీన్ని పట్టుకునే ఉపాయం 1926లో జాన్ కార్నెట్ చెప్పాడు, పైసా ఖర్చు లేదు. రోగి వెల్లకిలా పడుకుంటాడు, డాక్టర్ నొప్పి ఉన్నచోట వేలితో నొక్కి తల, భుజాలు పైకి లేపమంటాడు. కండరం బిగుసుకున్నాక నొప్పి తగ్గితే మూలం లోపలుంది, అలాగే ఉన్నా పెరిగినా గోడలో ఉంది. అక్కడే మత్తు ఇంజెక్షన్ ఇస్తే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఈ పరీక్ష చేయక ముందే రెండు ఎండోస్కోపీలు, మూడు స్కాన్లు అయిపోయినవాళ్లు ప్రతి గ్యాస్ట్రో ఓపీలోనూ ఉంటారు.

తిండి విషయంలో పెద్ద నిషేధాలు అక్కర్లేదు. ఒకేసారి నూనె మునిగే భోజనం కాకుండా, కొవ్వును రోజంతా కొద్దికొద్దిగా పంచుకుంటే పేగుకు తేలిక. ఇసబ్గోల్, ఓట్స్, అరటిపండులో ఉండే కరిగే పీచు మలాన్ని గట్టిపరుస్తుంది. కాఫీ, మిర్చి బజ్జీ, పాలు వీటిలో ఎవరికి ఏది పడదో ఒక పుస్తకంలో రెండు వారాలు రాసుకుంటే తెలిసిపోతుంది. అందరికీ ఒకే జాబితా పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఆపరేషన్ నోట్. డిశ్చార్జి సమ్మరీతో పాటు దాన్నీ అడిగి తెచ్చుకోవాలి. వాపు ఎక్కువగా ఉండి నాళం దెబ్బతినే ప్రమాదం కనిపిస్తే సర్జన్ గాల్‌బ్లాడర్‌లో కొంత భాగం కావాలనే వదిలేస్తాడు. దాన్ని ‘సబ్‌టోటల్’ అని రాస్తారు. అది తప్పు కాదు, వివేకమే. కానీ ఆ మిగిలిన ముక్కలో మళ్లీ రాళ్లు పుట్టవచ్చు. ఐదేళ్ల తర్వాత మరో ఊళ్లో నొప్పితో వెళ్లినప్పుడు, ‘గాల్‌బ్లాడర్ ఎప్పుడో తీసేశారు కదా’ అని ఎదుటి డాక్టర్ ఆ వైపు చూడకుండా వదిలేయకుండా ఆపేది ఆ ఒక్క మాటే.