బలగం క్లైమాక్స్ పాట: చివర్లో అందరూ ఎందుకు ఏడుస్తారు? దాని వెనకున్న ఆచారం ఇదే..

‘బలగం’ సినిమా పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది చివరి పాటే. 2023 మార్చి 3న థియేటర్లకు వచ్చిన ఈ సినిమాలో పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఆ పాట పాడారు. ఫోన్‌లో చిన్న క్లిప్‌గా చూసినా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఇంతకీ అందులో ఏముంది?

నల్లి బొక్కతో మొదలైన గొడవ

కథలో పంచాయితీ చాలా చిన్నది. దావత్‌లో అల్లుడు నారాయణకు నల్లి బొక్క పడలేదు. మాటా మాటా పెరిగింది. అంతే, ఆడబిడ్డ లక్ష్మి 20 ఏళ్లు పుట్టింటి గడప తొక్కలేదు. తండ్రి కొమురయ్య చనిపోయాకే వచ్చింది. ఆయనకు పెట్టిన ముద్దను పిట్ట మూడో రోజు ముట్టలేదు, ఐదో రోజూ ముట్టలేదు. ఇక మిగిలింది పదకొండో రోజు. పాట వచ్చేది అప్పుడే.

పేర్లు అడిగి మరీ పాడతారు

ఇది సినిమా కోసం పుట్టించిన సన్నివేశం కాదు. తెలంగాణ పల్లెల్లో దినాల నాడు బుడగ జంగాల కళాకారులను పిలిచి పాడించుకోవడం ఉంది. ఇంటోళ్ల పేర్లు, వరుసలు ముందే అడిగి తెలుసుకుంటారు. చనిపోయిన మనిషి పడ్డ కష్టాన్ని, పిల్లల్ని సాకిన తీరును ఆ పేర్లతోనే పాటగా అల్లుతారు. అందుకే వింటున్నవాళ్లకు అది ఎవరి కథో అనిపించదు, తమ ఇంటి కథే అవుతుంది.

పంచాయితీలో అయితే తప్పెవరిదని అడుగుతారు. ఎవరి వాదన వాళ్లకు ఉంటుంది. ఈ పాట ఆ లెక్క తీయదు. పోయిన మనిషిని గుర్తు చేస్తుందంతే. దాంతో ఎదురు వాదించడానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పదకొండో రోజు అయ్యాక చుట్టాలంతా ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. తండ్రికి చెప్పాల్సిన మాట ఇక తండ్రికి చేరదు. కానీ అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు అక్కడే పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఆ పశ్చాత్తాపం వాళ్ల మధ్యనైనా బయటపడే వీలు ఆ రోజే ఉంది.

తెర ముందు ఊరంతా

2023లో చాలా ఊళ్లలో తెరలు కట్టి ఈ సినిమా వేశారు. ఊరంతా కలిసి కూర్చుని చూసింది. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు సినిమా చూశాక కలిసిపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి.

వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన మొగిలయ్య కిడ్నీ జబ్బుతో బాధపడుతూ 2024 డిసెంబర్ 19న కన్నుమూశారు. ఎన్నో చావు ఇళ్లలో పాడిన గొంతు అది.

సినిమాలో ఆ పాట తర్వాత కుటుంబం కలుస్తుంది, పిట్ట ముడుతుంది. కొమురయ్య బతికుండగా చూడాలనుకున్నది కూడా అదే. కాకపోతే పిల్లలు కలిసేసరికి ఆయన లేడు.