మీకు తెలుసా? మనీలాలోనూ రంజాన్‌కు జీతంతో సెలవు

ఫిలిప్పీన్స్‌లో పదిమందిని తీసుకుంటే దాదాపు ఎనిమిది మంది కేథలిక్కులే. ముస్లింలు 2020 జనగణన ప్రకారం 6.4 శాతం. అయినా అక్కడ రంజాన్ దేశమంతటికీ సెలవు, బక్రీద్ కూడా అంతే.

సెలవు ఇవ్వడం ఒక ఎత్తు, అది ఏ తరగతి సెలవన్నది ఒక ఎత్తు. అక్కడ సెలవులు ముఖ్యంగా రెండు రకాలు. ‘రెగ్యులర్’ సెలవు నాడు పనికి రాకపోయినా ఆ రోజు జీతం వస్తుంది, వస్తే రెట్టింపు ఇవ్వాలి. ‘స్పెషల్’ సెలవు నాడు రాకపోతే మామూలుగా జీతం ఉండదు, వస్తే 30 శాతం అదనం. రంజాన్, బక్రీద్‌లను క్రిస్మస్, గుడ్ ఫ్రైడేల సరసన మొదటి రకంలో చేర్చారు. కేథలిక్కులు ఎంతో భక్తితో జరుపుకునే సకల పునీతుల పండుగ (నవంబరు 1), నిష్కళంక మాత పండుగ (డిసెంబరు 8) మాత్రం రెండో రకంలోనే ఉన్నాయి! మెజారిటీ ప్రజలు ఇంత పెద్ద మనసు చూపడం మెచ్చుకోదగిన విషయం. అందుకే ఈ సంగతి పదిమందికీ తెలియాలి.

రంజాన్ విషయంలో ఇక్కడిదాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. అప్పటి అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ హయాంలో 1977లో వచ్చిన ముస్లిం వ్యక్తిగత చట్టాల స్మృతి ఐదు పండుగలను గుర్తించింది. కానీ ఆ సెలవులు దక్షిణాదిన ముస్లింలున్న ప్రాంతాలకే. మిగతా చోట్ల ముస్లిం ప్రభుత్వోద్యోగులు ఆఫీసుకు రానక్కర్లేదన్నారు, అంతే. 2002లో 9177వ నంబరు చట్టంతో రంజాన్ సెలవు దేశంలో అందరిదీ అయింది. బక్రీద్‌కు 2009 దాకా ఆగాల్సి వచ్చింది.

మరి తేదీ? నెలవంకను బట్టి మారే పండుగలు కాబట్టి ఏటా ముందుగా ప్రకటించే సెలవుల జాబితాలో వీటికి ఖాయమైన తేదీ ఉండదు. పండుగ దగ్గర పడ్డాక ముస్లిం ఫిలిప్పినోల జాతీయ కమిషన్ సిఫార్సు చేస్తుంది, అధ్యక్షుడు ప్రకటన జారీ చేస్తారు. బడులు, బ్యాంకులు, ఫ్యాక్టరీలు అప్పటిదాకా ఎదురుచూడాల్సిందే. దేశం మొత్తం ఒక చిన్న సమాజపు పంచాంగాన్ని బట్టి నడుచుకోవడం నా దృష్టిలో సెలవు కంటే గొప్ప గౌరవం.

మన తెలుగు పిల్లలు మెడిసిన్ చదవడానికి వెళ్లే దావో నగరం ఉన్నది, ఆ దేశపు ముస్లింలలో ఎక్కువ మంది నివసించే మిందనావ్ దీవిలోనే. మీ పిల్లలెవరైనా అక్కడ ఉంటే, రంజాన్ రోజుల్లో టికెట్లు, బ్యాంకు పనులు పెట్టుకునే ముందు సెలవు ప్రకటన వచ్చిందేమో చూసుకోమని చెప్పండి.